కామారెడ్డిలో గెలిచింది అనామకుడు కాదు

2023 డిసెంబరు 3న తెలంగాణ అసెంబ్లీ ఫలితాలు వచ్చినప్పటి నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతూనే ఉంది. ఎక్కడ ఎన్నికలు వచ్చినా మళ్లీ పైకి తేలుతుంది. మాటలు అటూ ఇటూ మారుతుంటాయి గానీ సారాంశం ఇది: కామారెడ్డిలో ఊరూ పేరూ లేని ఒక సామాన్యుడు ఒకే ఒక్క ఎన్నికతో ఇద్దరు ముఖ్యమంత్రులను ఓడించాడు. దేశ చరిత్రలో ఇలా జరగడం ఇదే మొదటిసారి. ఆయన చేతిలో పైసా లేదు. మోదీ గాలి వీచింది, అదృష్టం కలిసొచ్చింది. గెలిచిన మర్నాడే రోడ్డు కోసం సొంత ఇల్లు కూల్చేసుకున్నాడు. కాబట్టి ధైర్యం చేసి నామినేషన్ వేస్తే ఎవరైనా ఎమ్మెల్యే కావచ్చు.

ఆ ఎమ్మెల్యే పేరు కాటిపల్లి వెంకట రమణారెడ్డి. భారతీయ జనతా పార్టీ. ఆయన పార్టీ గురించి మంచీ చెడూ చెప్పడం ఇక్కడ నా ఉద్దేశం కాదు. మెసేజ్ పంపేవాళ్లు కూడా చాలామంది మెచ్చుకోలుగానే పంపుతున్నారు. కానీ ఆ మెచ్చుకోలులో ఒక మనిషి రాజకీయ జీవితంలో పెద్ద భాగం కొట్టుకుపోతోంది. ఆ భాగం జిల్లా పరిషత్. స్థానిక సంస్థల్లో చేసిన పనిని మనం పనిగానే లెక్కపెట్టకపోవడం నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం. అందుకే ఆ మెసేజ్‌లోని ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

మొదటి మాట: ఊరూ పేరూ లేని సామాన్యుడు.

వెంకట రమణారెడ్డి ఉమ్మడి నిజామాబాద్ జిల్లా పరిషత్ ఛైర్మన్‌గా పనిచేశారు. కాంగ్రెస్‌లో ఉన్న రోజుల్లో జడ్పీటీసీగా, అంటే జిల్లా పరిషత్‌లో ఒక మండలం తరఫు సభ్యుడిగా గెలిచి ఆ కుర్చీ దాకా వెళ్లారు. ఇప్పటి కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. అంతకుముందు నిజామాబాద్ జిల్లా అంటే 36 మండలాలు, 9 అసెంబ్లీ నియోజకవర్గాలు. 2011 జనాభా లెక్కల నాటికి అక్కడ పాతిక లక్షల పైచిలుకు జనం. ఒక ఎమ్మెల్యేకి ఆ తొమ్మిదిలో ఒక్క నియోజకవర్గమే ఉంటుంది. జడ్పీ ఛైర్మన్ తొమ్మిదింటిలోనూ తిరగాలి. అలాంటి మనిషికి ఊరూ పేరూ లేదంటే, జడ్పీ అనేది ఒకటుందని కూడా మనం మరిచిపోయామన్నమాట.

ఇంకొకటి. జడ్పీ ఛైర్మన్‌ను జనం నేరుగా ఎన్నుకోరు. మండలానికొకరు చొప్పున గెలిచిన జడ్పీటీసీలు తమలోంచి ఒకరిని ఎన్నుకుంటారు. అంటే ముందు సొంత మండలంలో జనం ఓటు తెచ్చుకోవాలి, ఆ తర్వాత పక్క మండలాల సభ్యులను ఒప్పించుకోవాలి. పార్టీ పెద్దలు పేరు చెప్పినా, చేతులెత్తాల్సింది ఆ సభ్యులే. జిల్లా నలుమూలలా మనుషులు తెలియకుండా అది అయ్యే పని కాదు.

జడ్పీ సర్వసభ్య సమావేశం ఒక్కసారి చూసినా ఆ కుర్చీ బరువెంతో అర్థమవుతుంది. వ్యవసాయం, విద్య, వైద్యం, గ్రామీణ నీటి సరఫరా, పంచాయతీరాజ్ రోడ్లు, ఎజెండాలో ఒకటి తర్వాత ఒకటి వస్తుంటాయి. ఒక జడ్పీటీసీ లేచి, మా ఊళ్లో బోరు మోటారు కాలిపోయి నెల దాటింది, ట్యాంకరే దిక్కయింది అంటారు. ఇంకొకరు హైస్కూల్లో లెక్కల సారు బదిలీ అయి పోయాడు, పదో తరగతి పిల్లల సంగతేంటి అంటారు. నీటి సరఫరా ఇంజనీరు, జిల్లా విద్యాధికారి, జిల్లా వైద్యాధికారి ఒక్కొక్కరే లేచి జవాబివ్వాలి. జవాబు సరిగా లేకపోతే సభ్యులు ఊరుకోరు. ఎమ్మెల్యేలూ అదే హాల్లో పదవి రీత్యా సభ్యులుగా (ఎక్స్ అఫిషియో) కూర్చుంటారు, వాళ్లకు వాళ్ల పంతాలుంటాయి. నిధులు చూస్తే కొంచెం, అడిగే చేతులు బోలెడు. ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్న తగువు చివరికి వేదిక మీద కూర్చున్న ఛైర్మన్ దగ్గరే తేలాలి. ఇది గాక ప్రణాళిక, ఆర్థికం నుంచి పనుల దాకా ఏడు స్థాయీ సంఘాలు, వాటి సమావేశాలు.

ఏ ఊరికి నీళ్లెక్కడి నుంచి వస్తాయో, ఏ ఫైలు ఏ టేబుల్ మీద ఆగిపోతుందో, ఏ పనికి ఏ శాఖ సంతకం కావాలో ఇలాంటి చోట నేర్చుకున్నంతగా ఇంకెక్కడా నేర్చుకోలేం. హైదరాబాద్ టీవీ స్టూడియోలకు ఆయన కొత్త, అది నిజమే. ఆ రోజు యాంకర్లు ఆయన పేరు తడుముకుని ఉండవచ్చు. కామారెడ్డిలో తడుముకోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

రెండో మాట: ఒకే ఒక్క ఎన్నికతో.

ఇది పచ్చి అబద్ధం. 2018లో కూడా ఆయన కామారెడ్డి నుంచే బీజేపీ తరఫున పోటీ చేశారు. అప్పుడు టీఆర్ఎస్ అభ్యర్థి గంప గోవర్ధన్ గెలిచారు. కాంగ్రెస్ నుంచి షబ్బీర్ అలీ నాలుగున్నర వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. వెంకట రమణారెడ్డి మూడో స్థానంలో, పదిహేను వేల పైచిలుకు ఓట్లతో ఆగిపోయారు. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు రావాలి. మొదటి ఇద్దరికే లక్షా ముప్పై వేల ఓట్లు వచ్చిన చోట పదిహేను వేలు దానికి ఏ మూలకూ చాలవు.

జడ్పీ ఛైర్మన్‌గా చేసిన మనిషి సొంతగడ్డ మీద డిపాజిట్ కూడా రాకుండా ఓడిపోవడం చిన్న దెబ్బ కాదు. చాలామంది అక్కడితో ఊరు వదిలి హైదరాబాద్‌లో వ్యాపారం చూసుకుంటారు, లేదా ఇంకో పార్టీ కండువా వెతుక్కుంటారు. ఆయన అదే ఊళ్లో అదే పార్టీలో ఐదేళ్లు ఉండిపోయారు. మెసేజ్ రాసినవాళ్లు ఈ ఐదేళ్లనూ తీసేశారు. అవి తీసేస్తే 2023 ఫలితం మాయలా కనిపిస్తుంది, మరి మాయలంటేనే కదా ఫార్వర్డ్ బటన్ నొక్కబుద్ధవుతుంది.

మూడో మాట: దేశ చరిత్రలో మొదటిసారి.

పదవిలో ఉన్న ముఖ్యమంత్రి ఓడిపోవడం మొదటిసారి అని చాలామంది నిజంగానే నమ్ముతున్నారు. తెలుగువాళ్లు ఈ మాట నమ్మడం మరీ ఆశ్చర్యం. 1989లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండగానే హిందూపురంతో పాటు కల్వకుర్తిలో పోటీ చేశారు. హిందూపురంలో గెలిచారు. కల్వకుర్తిలో కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. పాలమూరులో ఆ ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటారు.

బయటి రాష్ట్రాల్లోనూ తక్కువేం లేవు. 1971లో ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి టి.ఎన్. సింగ్ మణిరాం ఉప ఎన్నికలో ఓడిపోయి పదవి వదులుకున్నారు. 2009 జనవరిలో జార్ఖండ్ ముఖ్యమంత్రి శిబూ సోరెన్‌కు తమాడ్‌లో అదే జరిగింది. 2013లో షీలా దీక్షిత్, 2021లో నందిగ్రామ్‌లో మమతా బెనర్జీ. 2022లో పంజాబ్ ముఖ్యమంత్రి చన్నీ పోటీ చేసిన రెండు సీట్లలోనూ ఓడిపోయారు. ఉన్న ముఖ్యమంత్రీ, రాబోయే ముఖ్యమంత్రీ ఒకే సీటులో నిలబడి ఇద్దరూ మూడో మనిషి చేతిలో ఓడిపోవడం మాత్రం చాలా అరుదు. ఆ మాట ఒప్పుకుంటాను. అరుదైనదాన్ని అరుదైనదని చెప్పుకుంటే చాలు, లేని చరిత్ర తగిలించాల్సిన పని లేదు.

నాలుగో మాట: ఇద్దరు ముఖ్యమంత్రులు.

పోలింగ్ జరిగిన నవంబరు 30న ముఖ్యమంత్రి ఒక్కరే, కేసీఆర్. రేవంత్ రెడ్డి అప్పుడు రాష్ట్ర కాంగ్రెస్ (పీసీసీ) అధ్యక్షుడు, మల్కాజిగిరి ఎంపీ. ఫలితాలు వచ్చిన నాలుగు రోజులకు, డిసెంబరు 7న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. ఇద్దరికీ రెండో సీటుంది. కేసీఆర్ గజ్వేల్‌లో, రేవంత్ కొడంగల్‌లో గెలిచారు. ఇది చిన్న సవరణే. దీనికన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది, అది ఈ మెసేజ్‌లో ఎక్కడా కనిపించదు.

రేవంత్ రెడ్డి కూడా జడ్పీటీసీగా మొదలైన మనిషే. 2006లో మిడ్జిల్ మండలం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచారు. మరుసటి ఏడు శాసనమండలి మళ్లీ ఏర్పడినప్పుడు మహబూబ్‌నగర్ స్థానిక సంస్థల నియోజకవర్గం నుంచి, అప్పుడు కూడా స్వతంత్రుడిగానే, ఎమ్మెల్సీ అయ్యారు. స్థానిక సంస్థల ఎమ్మెల్సీకి ఓటేసేది మామూలు జనం కాదు, ఎంపీటీసీలు (మండల పరిషత్ సభ్యులు), జడ్పీటీసీలు, మున్సిపల్ కౌన్సిలర్లు. పెద్ద పార్టీల అభ్యర్థులు ఉండగా వాళ్ల ఓట్లు తెచ్చుకోవాలంటే ఒక్కొక్కరి గడపా తొక్కాలి. తర్వాత తెలుగుదేశంలో చేరి 2009లో కొడంగల్‌లో అంతకుముందు అయిదుసార్లు గెలిచిన గురునాథరెడ్డిని ఓడించి అసెంబ్లీకి వెళ్లారు.

అంటే కామారెడ్డి త్రిముఖ పోటీలో ముగ్గురిలో ఇద్దరు జడ్పీటీసీలుగా చేసినవాళ్లు. ఒకాయన ఇప్పుడు ముఖ్యమంత్రి, ఇంకొకాయన ఆ ముఖ్యమంత్రిని ఓడించిన ఎమ్మెల్యే. నా దృష్టిలో ఆ ఎన్నికలో అందరూ మాట్లాడుకోవాల్సిన విషయం ఇదే. ఎవరూ మాట్లాడుకోలేదు.

అయిదో మాట: చేతిలో పైసా లేనివాడు.

ఎన్నికల అఫిడవిట్ ఎవరైనా చూడగలిగేదే. అందులో ఆయన చూపిన ఆస్తులు దాదాపు 50 కోట్లు. వ్యాపారం ఉన్న మనిషి. పైగా గెలిస్తే సొంత డబ్బుతో 150 కోట్ల రూపాయల పనులు చేస్తానని కామారెడ్డి కోసం వేరుగా మేనిఫెస్టో కూడా ప్రకటించారు. దాన్ని బట్టి ఆయన్ను మంచివాడనీ అనను, చెడ్డవాడనీ అనను. పేదవాడు అనడం మాత్రం కుదరదు.

ఆ 150 కోట్ల హామీ మీద నాకు వేరే అభ్యంతరం ఉంది. జడ్పీలో బడ్జెట్ నడిపిన మనిషికి తెలుసు, బడి, ఆసుపత్రి, రోడ్డు జనం పన్నుల డబ్బుతో హక్కుగా రావాల్సినవని. వాటిని నాయకుడి సొంత జేబు నుంచి వచ్చే దానంగా చూపిస్తే, రేపు అంత జేబు లేని మంచి అభ్యర్థి పోటీకే రాలేడు. ఈ ప్రశ్న వేయాల్సిన జనాన్ని పట్టుకుని, ఆయన పైసా లేనివాడు అని నమ్మిస్తే ఇక ప్రశ్న ఎక్కడి నుంచి పుడుతుంది?

ఆరో మాట: మోదీ గాలి, అదృష్టం.

గాలి కొంత ఉంది, లేదనను. 2018లో రాష్ట్రం మొత్తం మీద ఒక్క గోషామహల్‌తో సరిపెట్టుకున్న బీజేపీ 2023లో 8 సీట్లు గెలిచింది. ఓట్లు సుమారు 14 శాతానికి పెరిగాయి. గోషామహల్ తప్ప మిగిలిన ఏడూ ఉత్తర తెలంగాణలోనివే, ఆర్మూర్, నిజామాబాద్ అర్బన్ లాంటి పాత నిజామాబాద్ జిల్లా సీట్లు కూడా అందులో ఉన్నాయి.

అయితే అదే గాలిలో ఎవరెవరు పడిపోయారో కూడా చూడాలి. కరీంనగర్‌లో బండి సంజయ్ ఓడిపోయారు. కోరుట్లలో ధర్మపురి అరవింద్, బోథ్‌లో సోయం బాపూరావు ఓడిపోయారు. ముగ్గురూ అప్పటికి సిట్టింగ్ ఎంపీలు. దుబ్బాకలో రఘునందన్ రావు ఓడిపోయారు. అన్నిటికన్నా ముఖ్యంగా గజ్వేల్ చూడండి. అదే పార్టీ, అదే రోజు, ఎదురుగా అదే కేసీఆర్. అక్కడ బీజేపీ అభ్యర్థి ఈటల రాజేందర్, మాజీ మంత్రి, రాష్ట్రమంతా తెలిసిన ముఖం. 45 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. గాలే గెలిపించేదైతే ముందు గజ్వేల్‌లో గెలిపించాలి కదా.

ఇక ఓట్ల చీలిక. కామారెడ్డిలో వెంకట రమణారెడ్డికి 66,652 ఓట్లు వచ్చాయి. కేసీఆర్‌కు 59,911, రేవంత్‌కు 54,916. మెజారిటీ 6,741. మూడు ముక్కలు దాదాపు సమానంగా తెగిన పోటీ ఇది. లెక్కింపు మొదలైనప్పుడు కొన్ని రౌండ్లు రేవంత్ ముందున్నారు కూడా. ముఖాముఖి పోటీ అయితే ఫలితం వేరుగా ఉండేదేమో, ఎవరూ చెప్పలేరు. కానీ ఓట్లు చీలి లాభపడాలంటే ముందు మన పెట్టెలో ఓట్లుండాలి. పదిహేను వేల నుంచి అరవై ఆరు వేలకు, అంటే నాలుగు రెట్లకు పైగా పెరిగిన ఓట్లు చీలికతో వచ్చేవి కావు. కేసీఆర్ అక్కడ పోటీ చేస్తున్నట్టు ఆగస్టులో ప్రకటించారు. రేవంత్ పేరు నవంబరు మొదటి వారంలో వచ్చింది. మూడో మనిషి అక్కడే ఉన్నారు, అయిదేళ్లుగా.

ఆ అయిదేళ్లలో ఏం జరిగిందో చెప్పడానికి ఒక్క మాస్టర్ ప్లాన్ గొడవ చాలు. 2022 చివర్లో కామారెడ్డి మున్సిపాలిటీకి కొత్త మాస్టర్ ప్లాన్, అంటే ఏ భూమిని దేనికి వాడాలో చెప్పే ప్రణాళిక, ముసాయిదా బయటికొచ్చింది. చుట్టుపక్కల అడ్లూర్ ఎల్లారెడ్డి, ఇల్చిపూర్, టేక్రియాల్, లింగాపూర్ లాంటి ఊళ్లలో పంట పండే భూములను మ్యాప్‌లో ఇండస్ట్రియల్ జోన్‌గా చూపించారు. పొలాల మీదుగా వెడల్పాటి రోడ్లు గీశారు. రెండెకరాలున్న రైతుకు ఆ మ్యాప్‌లో రంగు మారితే ఏమవుతుందో ఆలోచించండి. భూమి పేరు మీదే ఉంటుంది గానీ కూతురి పెళ్లికి అమ్ముదామంటే కొనేవాడుండడు, ఇల్లు కట్టుకుందామంటే పర్మిషన్ రాదు. ఆ టెన్షన్‌తోనే 2023 జనవరి మొదట్లో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. మర్నాడు వేలమంది కలెక్టరేట్ ముందుకు వచ్చారు. ప్లాన్‌కు వ్యతిరేకంగా నిలబడాలని, లేదంటే రాజీనామా చేయాలని రైతులు వార్డు కౌన్సిలర్లను నిలదీశారు. కొందరు హైకోర్టుకు వెళ్లారు. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమై ప్లాన్ రద్దు చేయాలని తీర్మానం చేసింది.

ఆ గెలుపు ముందుగా రైతులది. తర్వాతే ఏ నాయకుడిదైనా. కానీ ఆ పోరాటంలో మొదటి నుంచి కనిపించిన రాజకీయ నాయకుల్లో వెంకట రమణారెడ్డి ఒకరు. మాస్టర్ ప్లాన్ అంటే ఏంటి, ముసాయిదా మీద అభ్యంతరాలు ఎన్నాళ్లలోపు ఇవ్వాలి, కౌన్సిల్ తీర్మానానికి ఎంత విలువుంటుంది, ఇవన్నీ స్థానిక సంస్థల్లో పనిచేసినవాళ్లకు కొట్టిన పిండి. ఎమ్మెల్యే ఎన్నికకు పది నెలల ముందు జరిగిన ఈ గొడవంతా ఒక మున్సిపాలిటీ చేసిన తప్పు మీద, ఒక మున్సిపల్ కౌన్సిల్ చేత దిద్దించుకున్న తీరు మీద నడిచింది. ముఖ్యమంత్రి తమ ఊరికి వస్తే ఉన్న భూములు కూడా పోతాయన్న భయం ఆ ఎన్నికలో రైతుల్లో ఎంత పనిచేసిందో ఆ ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. దాన్ని అదృష్టం అనడం ఆ రైతులను అవమానించడమే.

ఏడో మాట: గెలిచిన మర్నాడే ఇల్లు కూల్చుకున్నాడు.

ఇల్లు కూల్చిన మాట నిజం. మర్నాడు కాదు, దాదాపు రెండు నెలలకు, 2024 జనవరి చివర్లో. కామారెడ్డి పాత బస్టాండ్ నుంచి అడ్లూర్ రోడ్డు వైపు రోడ్డు వెడల్పు చేయాలి. దారి పొడవునా ఇళ్లు, దుకాణాలు అడ్డం. ఆ వరసలో ఆయన పాత ఇల్లూ ఉంది. అధికారులు చూస్తుండగా జేసీబీ పెట్టి ముందు తన ఇంటినే పడగొట్టించారు, స్థలం రోడ్డుకు ఇచ్చేశారు. మిగిలినవాళ్లు కూడా కలిసి రావాలని అడిగారు.

మెసేజ్‌లో ఇది త్యాగం కథగా మారిపోయింది. నాకిది పని తెలిసిన మనిషి చేసిన పనిగా కనిపిస్తుంది. మన ఊళ్లలో రోడ్డు విస్తరణ ఎక్కడ ఆగుతుంది? మార్కింగ్ వేసిన రోజే ఆగుతుంది. నాయకుడి ఇంటి దగ్గరికొచ్చేసరికి ఎర్రగీత వంకర తిరుగుతుంది. పక్కింటాయన అది చూసి నాకు మాత్రం ఎందుకని కోర్టుకు వెళ్తాడు. ఏళ్లు గడిచిపోతాయి. ఇల్లు పోయేవాడు అడిగే మొదటి ప్రశ్న పరిహారం గురించి కూడా కాదు, వాళ్లది ఎందుకు కొట్టలేదు అనే. ఆ ప్రశ్నకు నోటితో జవాబు చెప్పి లాభం లేదని స్థానిక సంస్థల్లో పనిచేసిన ఎవరికైనా తెలుసు. అయితే ఇంకో ఇల్లున్న ఎమ్మెల్యే పాత ఇంటిని వదులుకోవడం వేరు, ఆ రోడ్డు మీద చిన్న కొట్టే జీవనాధారమైనవాడు దాన్ని వదులుకోవడం వేరు. అతనికి చట్టప్రకారం రావాల్సింది పూర్తిగా రావాలి. ఎమ్మెల్యే ఉదాహరణ చూపించి పేదవాడి నోరు మూయించకూడదు.

ఆఖరి మాట: నామినేషన్ వేస్తే ఎవరైనా ఎమ్మెల్యే కావచ్చు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే, ఎందుకంటే దీన్ని నమ్మేది కుర్రవాళ్లు. చదువుకున్న పిల్లలు, ఊరికి ఏదో చేయాలన్న తపన ఉన్నవాళ్లు ఈ మెసేజ్ చదివి, ఒకరోజు టికెట్ దొరికితే లేదా ధైర్యం చేస్తే పని అయిపోతుందనుకుంటున్నారు. వార్డు మెంబరుగా నిలబడరా అంటే చిన్నతనంగా చూస్తారు. గ్రామసభకు రమ్మంటే అక్కడేముంది అంటారు.

అక్కడ చాలా ఉంది. శ్రీకాకుళం జిల్లాలో ధర్మాన ప్రసాదరావు మబగాం సర్పంచ్‌గా మొదలై, మండలాధ్యక్షుడై, ఎమ్మెల్యే, మంత్రి అయ్యారు. మహారాష్ట్రలో విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ లాతూర్ దగ్గరి బాభల్‌గావ్ సర్పంచ్‌గా బయలుదేరి రెండుసార్లు ముఖ్యమంత్రి అయ్యారు. సాంగ్లీ జిల్లాలో ఆర్.ఆర్. పాటిల్ జిల్లా పరిషత్ సభ్యుడిగా పదేళ్లకు పైగా చేసి, 1990లో తాస్‌గావ్ ఎమ్మెల్యే అయ్యారు. తర్వాత గ్రామీణాభివృద్ధి మంత్రిగా సంత్ గాడ్గేబాబా పేరుతో గ్రామాల పరిశుభ్రత పోటీలు పెట్టారు. ఊరి జనం తమంతట తాము చీపుర్లు పట్టుకునేలా చేసిన ఆ పథకం ఎంత పేరు తెచ్చుకుందో ఆ రాష్ట్రంలో అందరికీ తెలుసు. ఊరి పాలన లోపల్నుంచి చూసిన మంత్రికే అలాంటి ఆలోచన వస్తుందని నా నమ్మకం.

అలాగని జడ్పీ నుంచి వచ్చిన ప్రతి ఎమ్మెల్యే మంచివాడని చెప్పను. పైకి వెళ్లాక కింద మెట్టు విరగ్గొట్టేవాళ్లు ఎక్కువ. సర్పంచ్ పనిని ఎమ్మెల్యే చేస్తున్నాడు, శిలాఫలకం మీద పేరు ఎమ్మెల్యేది, బిల్లు రాక అప్పులపాలయ్యేది సర్పంచ్. ఒకప్పుడు ఎమ్మెల్యేలు మా నిధులు లాక్కుంటున్నారని జడ్పీ సమావేశంలో కొట్లాడినవాళ్లే, తాము ఎమ్మెల్యేలు అయ్యాక అదే చేస్తారు. కాబట్టి వెంకట రమణారెడ్డినైనా, రేవంత్ రెడ్డినైనా అడగాల్సింది ఇదే: మీరు వచ్చిన చోటుకు మీరేం తిరిగిచ్చారు?

ముఖ్యమంత్రిని ఇది మరీ గట్టిగా అడగాలి. రాజ్యాంగం ప్రకారం స్థానిక సంస్థలకు గడువు అయిదేళ్లు, అది ముగిసేలోపే ఎన్నికలు జరగాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో గడువు తీరిన జడ్పీలకు 2014 ఏప్రిల్ దాకా ఎన్నికలు పెట్టలేదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతుల్లోకి వెళ్లిపోయాయి. బీసీ రిజర్వేషన్ల మీద జరిగింది అవసరమైన చర్చే, కానీ అది గడువు ముగియకముందే జరగాల్సింది. సర్పంచ్ ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. జడ్పీటీసీ, ఎంపీటీసీల గడువు 2024 జులైలో ముగిస్తే, వాటికి అప్పటికి కూడా ఎన్నికలు లేవు. మిడ్జిల్ జడ్పీటీసీగా మొదలైన మనిషి ముఖ్యమంత్రిగా ఉండగా, అప్పటికి మిడ్జిల్‌కు జడ్పీటీసీ లేకుండా పోయారు.

2006లో ఆ ఎన్నిక జరగకపోయి ఉంటే స్వతంత్రుడిగా నిలబడిన ఆ యువకుడికి మొదటి మెట్టే దొరికేది కాదు. ఇవాళ అదే వయసులో, వెనక ఏ పార్టీ లేకుండా, మండలంలో నలుగురికి పనికొస్తున్న అమ్మాయో అబ్బాయో ఎక్కడో ఉంటారు. వాళ్లకు అసెంబ్లీ టికెట్ ఎవరూ ఇవ్వరు. వాళ్లు గెలవగలిగేది జడ్పీటీసీ, ఎంపీటీసీ, వార్డు మెంబరు లాంటి సీట్లే. ఆ ఎన్నికలు సకాలంలో పెట్టమని అడిగే మెసేజ్ ఏదైనా ఉంటే పంపండి, నా దగ్గరున్న అన్ని గ్రూపుల్లో నేనే ముందు పెడతాను.